ఒకరి గొడుగు ఒకరు

మా తమ్ముడు ఆకాశం నుంచి పడ్డాడు. మాటవరసకి అనడం లేదు, నిజంగానే పడ్డాడు. మెట్ల మీంచి జారాడనో, స్కూటర్ మీంచి పడ్డాడనో చెబితే జనం "అయ్యో, ఎలా?" అంటారు. ఆకాశం నుంచి పడ్డాడని చెబితే మాత్రం నా మొహం కేసి చూసి, వేళాకోళమేమోనని ఒక్క క్షణం ఆగేవారు. నాకు ఒళ్ళు మండేది. ఇలాంటివి వేళాకోళానికి చెబుతారా ఎవరైనా?

వాడి ఉద్యోగం అలాంటిది. విమానంలోంచి దూకడం సరదా అనుకునే మనుషులు లోకంలో చాలామందే ఉన్నారు. శిక్షకుడు వాళ్ళని తన ఒంటికి కట్టుకుని దూకుతాడు. మావాడు హెల్మెట్‌కి కెమెరా బిగించుకుని పక్కనే దూకి, గాలికి వాళ్ళ బుగ్గలు ఊగిపోవడం, వాళ్ళు దేవుడా దేవుడా అనడం, అంతా వీడియో తీస్తాడు. "నేల మీద ఫొటోలు దిగేవాళ్ళు కరువయ్యారట్రా నీకు?" అని మొదట్లో నెత్తీనోరూ బాదుకున్నాను. వింటేనా!

నాది డ్రైవింగ్ స్కూలు. ఆడవాళ్ళకి కారు నేర్పుతాను. నేర్పే కారులో నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. పక్కనున్నావిడ తొక్కకపోతే నేను తొక్కుతాను. పొద్దుట నుంచి సాయంత్రం దాకా నా కాలు దాని మీదే. ఎవరినీ నమ్మకపోవడమే నా వృత్తి అనుకోండి. నోరు కూడా వృత్తికి తగ్గట్టే తయారైంది. "నువ్వు కారు నేర్పుతున్నావో, వాళ్ళని శపిస్తున్నావో వీధిలో ఎవరికీ అర్థం కావడం లేదు" అంటాడు మా ఆయన. ఆయన మాటలకేంలెండి.

మా మరదలు, అంటే తమ్ముడి భార్య, వాడు దూకి దిగే మైదానంలోనే గొడుగులు మడిచే పని చేస్తుంది. పారాచూట్ అనడం నాకు రాక కాదు. గొడుగు అంటే మా తమ్ముడికి కోపం, అందుకని మొదలుపెట్టాను, అదే అలవాటైపోయింది. వాళ్ళు మడిచే హాలు ఒక పొడుగాటి రేకుల షెడ్డు. నేలంతా తివాచీ పరిచి ఉంటుంది, చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. తాళ్ళన్నీ చిక్కు లేకుండా సాగదీసి, బట్టని కుచ్చులు కుచ్చులుగా సర్ది, దాని మీద మోకాళ్ళతో వాలి లోపలి గాలంతా నెట్టేసి, ఇంత పెద్ద గుట్టని అంత చిన్న సంచిలో కూరుతుంది. ఆ పనిలో ఉన్నప్పుడు ఎవరూ పలకరించకూడదు. పలకరిస్తే పల్లెత్తు మాట అనదు గానీ, మొత్తం విప్పి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఒకసారి నేను తెలియక "ఏమ్మా, బాగున్నావా?" అన్నాను. ఆ బాగున్నావాకి బదులు రావడానికి అరగంట పట్టింది.

పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళిద్దరికీ ఒక పద్ధతి ఉండేది. వాడి గొడుగు ఆమె మడుస్తుంది, ఆమె గొడుగు వాడు మడుస్తాడు. ఎవరిది వాళ్ళు ముట్టుకోరు. సాయంత్రం పని అయ్యాక పక్కపక్కన కూర్చుని, మాటా పలుకూ లేకుండా మడుచుకుని, రెండు సంచులూ ఒకే కొక్కేనికి తగిలించి ఇంటికి వెళ్ళేవారు. పొద్దున్నే మొదట దూకేది ఆమె. గాలి ఎటు తోస్తోందో చూడటానికి రోజూ ఎవరో ఒకరు ముందు దూకాలట. ఆమె ఎటు కొట్టుకుపోతుందో చూసి మిగతావాళ్ళు లెక్క వేసుకుంటారు. మైదానం యజమానిని అందరూ కెప్టెన్ అంటారు. ఆయన వీళ్ళని చూసి, "మీరిద్దరూ పోట్లాడుకుంటే నాకు ముందే చెప్పండయ్యా, సెలవిచ్చేస్తాను" అని ఎగతాళి చేసేవాడు. అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను.

ఆ రోజు నా పక్కన ఒక బ్యాంకు ఉద్యోగిని కారు నేర్చుకుంటోంది. నాలుగు రోడ్లు కలిసే చోట ఎటు తిరగాలో తోచక బండి నడిమధ్యన ఆపేసింది. వెనక హారన్ల మోత. నేను నోరు తెరవబోతుంటే ఫోను మోగింది. "అక్కా, మీ తమ్ముడు పడ్డాడు. ప్రాణం ఉంది. పెద్దాసుపత్రికి వచ్చెయ్యండి" అన్నాడు కెప్టెన్. ప్రాణం ఉంది అని విడిగా చెప్పాల్సి వచ్చిందంటే ఇంకేం మిగిలి ఉంటుంది? ఆ అమ్మాయిని పక్కకి జరగమని, అక్కడి నుంచి ఎలా నడిపానో నాకే తెలియదు. పాపం, ఆమెని ఆసుపత్రి దాకా తీసుకుపోయానని లోపలికి వెళ్ళాక గానీ గుర్తు రాలేదు.

వెన్నెముక, రెండు కాళ్ళు. పక్కనున్న పొలం కొత్తగా దున్ని ఉంది కాబట్టి బతికాడన్నారు. ఆపరేషన్ గది బయట బెంచీ మీద మా మరదలు కూర్చుని ఉంది. దూకేటప్పుడు వేసుకునే బట్టలే ఇంకా ఒంటి మీద ఉన్నాయి, వాటికి ఎక్కడా మట్టి కూడా అంటలేదు. నేను గొల్లున ఏడుస్తూ వెళ్ళాను. ఆమె కళ్ళలో చుక్క నీరు లేదు. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది.

ఎలా జరిగిందో కెప్టెన్ నాకు అర్థమయ్యేలా చెప్పాడు. దూకాక చేత్తో బయటికి విసిరేది ఒక చిన్న గొడుగు. అది గాలి పట్టుకుని పెద్దదాన్ని సంచిలోంచి లాగుతుంది. మావాడి చిన్న గొడుగు లోపల ఒక తాడు ఉంటుందట. మడిచేటప్పుడు దాన్ని గట్టిగా లాగి ఉంచితేనే అది గాలి పడుతుంది. లాగకపోతే తడిగుడ్డలా వెనక వేలాడుతుందంతే. ఆ రోజు అలాగే వేలాడింది. మావాడు దాన్ని చేత్తో అందుకోవాలని చూసి, ఆ కంగారులో వీపున అదనంగా ఉండే రిజర్వు గొడుగు తియ్యడం ఆలస్యం చేశాడు. అది విచ్చుకునేసరికి నేల దగ్గరికొచ్చేసింది.

"తాడు ఎవరు లాగలేదు?" అన్నాను.

కెప్టెన్ బెంచీ కేసి చూశాడు, చూపు తిప్పుకున్నాడు. నాకు అది చాలు.

మర్నాటికి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. మనిషికి జలుబు, ప్రతి ప్రశ్న తర్వాతా ముక్కు తుడుచుకునేవాడు. మా తమ్ముడి ఫోను చూశాడట. "మీ తమ్ముడికి వేరే ఆవిడతో పరిచయం ఉందని మీకు తెలుసా?" అని అడిగాడు. "ఛీ, నోరు కడుక్కోండి!" అన్నాను. ఆయన నోరు కడుక్కోలేదు, ఫోటోలు చూపించాడు. దూకడానికి స్నేహితులతో వచ్చిన మనిషి. మావాడు వీడియో తీశాడు, ఆ తర్వాత ఆవిడకి ఆకాశం మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. కాళ్ళు అప్పటికే విరిగి ఉన్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే వాడి కాళ్ళు నేనే విరగ్గొట్టేదాన్ని. ఆ సంగతి మరదలికి కూడా తెలిసిపోయిందని, ఆమెకి తెలిసిందని వీడికీ తెలుసని ఆ ఫోనులోనే ఉంది.

అక్కడితో నా లెక్క తేలిపోయింది. తప్పు చేసింది మావాడే, నేను కాదనను. అంతమాత్రాన మనిషిని ఆకాశం నుంచి వదిలేస్తారా? ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్న మనిషి ఆ తాడు లాగడం మర్చిపోతుందా? పైగా అదే పొద్దున తను ముందు దూకింది. మావాడు మడిచిన గొడుగు వేసుకుని పువ్వులా దిగింది. ఆమె మడిచింది వేసుకుని మావాడు రాయిలా పడ్డాడు. ఇంకేం చూడాలి? ఈ మాట ఇన్‌స్పెక్టర్‌తో అన్నాను, కెప్టెన్‌తో అన్నాను, నర్సులతో అన్నాను, చివరికి లిఫ్టులో ఎవరో ముక్కూమొహం తెలియని పెద్దాయనతో కూడా అన్నాను.

మా ఆయన మాత్రం, "నువ్వు చూశావా?" అన్నాడు.

"చూడక్కర్లేదు."

"అంటే చూడలేదు" అని పేపరు తిప్పాడు. ఆయనతో మాట్లాడితే గోడతో మాట్లాడినట్టే, గోడే నయం, పేపరు చదవదు.

ఇన్‌స్పెక్టర్ తమ్ముణ్ణి నా ఎదురుగానే అడిగాడు. మందుల మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు గానీ మనిషికి తెలివి ఉంది. "గొడుగు మడిచింది ఎవరు?" అని అడిగితే, కళ్ళు మూసుకుని, "ఎప్పుడూ తనే మడుస్తుందండీ" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ తలూపి, సోమవారం వచ్చి వాంగ్మూలం రాసుకుని సంతకం తీసుకుంటానన్నాడు. అది చేతికొస్తే ఆమె మీద హత్యాయత్నం కేసు పెట్టడానికి ఇంకే అడ్డూ లేదన్నాడు. అప్పటిదాకా ఆమె ఊరు దాటకూడదు, మడిచే పని ముట్టుకోకూడదు.

అయినా ఆమె రోజూ ఆసుపత్రికి వచ్చేది. రోగుల్ని చూసే వేళకి సరిగ్గా వచ్చి, వాడి ఉతికిన బట్టలూ, ఫ్లాస్కులో పాలూ తెచ్చేది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడి సంచీ అందుకునేదాన్ని. "లోపలికి వద్దు" అనేదాన్ని. ఎదురు చెప్పేది కాదు. తలుపు కేసి కాసేపు చూసి వెళ్ళిపోయేది. మా తమ్ముడు లోపలి నుంచి, "ఎవరక్కా?" అని అడిగేవాడు. "నీ పెళ్ళాం" అంటే మళ్ళీ మాట్లాడేవాడు కాదు. భయపడుతున్నాడనుకున్నాను.

వాడి వస్తువులు తెద్దామని ఒక మధ్యాహ్నం మైదానానికి వెళ్ళాను. హాల్లో ఆమె ఒక్కతే ఉంది, తివాచీ ఊడుస్తోంది. మడవొద్దన్నారు కదా, ఊరికే జీతం తీసుకోవడం ఇష్టంలేక చీపురు పట్టుకుందట. నన్ను చూసి, "తిన్నారా వదినా?" అంది.

"నాకు తిండొకటి తక్కువైందా ఇప్పుడు? చూడమ్మాయ్, ఇక్కడ నువ్వూ నేనే ఉన్నాం. నిజం చెప్పు. కోపంలో చేశావా? చేస్తే చేశానని నాతో చెప్పు. నా నోరు నీకు తెలుసుగా, ఎవరితో ఏం మాట్లాడాలో నేను మాట్లాడుకుంటాను."

"తాడు లాగాను వదినా."

"మర్చిపోయావేమో."

"మర్చిపోలేదు. మర్చిపోయానని చెప్పు, చిన్న శిక్షతో పోతుందని లాయరు కూడా అన్నాడు. లాగినదాన్ని లాగలేదని ఎలా చెప్పను? ఆ మాట చెబితే ఇంక నేను మడిచింది ఎవరు వేసుకుంటారు?"

"ఆ ఇంకొకావిడ సంగతి ముందే తెలుసుగా నీకు?"

"తెలుసు."

"తెలిసి ఏం చేశావు?"

"మాట్లాడటం మానేశాను. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని." చీపురు పుల్లలు సరిచేసుకుంటూ చెప్పింది. "ఆ సాయంత్రం ఏడుస్తూనే మడిచాను. తర్వాత నాకే భయమేసింది, ఏడుస్తూ ఏం తప్పు చేశానో అని. మొత్తం విప్పేసి, వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ మడిచాను."

ఎంత బాగా అల్లుతోందో అనుకున్నాను. పాపిష్టిదాన్ని, నిజంగా అలాగే అనుకున్నాను.

"మీ తమ్ముడు ఏమన్నాడు, పోలీసులతో?" అని అడిగింది.

"ఏమంటాడు? ఎప్పుడూ తనే మడుస్తుంది అన్నాడు."

చీపురు ఆగిపోయింది. "ఆ మాటే అన్నాడా? అచ్చంగా అలాగే?"

"పక్కనే ఉండి విన్నాను, నాకేం చెవుడా?"

ఆమె ఉన్నచోటే తివాచీ మీద కూర్చుండిపోయింది. చీపురు పక్కన పెట్టి, "తన చలికోటు పై అరలో ఉంది వదినా, అది కూడా తీసుకెళ్ళండి" అంది. దొరికిపోయింది కదా, అందుకే కాళ్ళు ఆడటం లేదు అనుకుంటూ నేను కోటు తీసుకుని వచ్చేశాను.

శనివారం బ్యాంకు అమ్మాయికి వెనక్కి నడపడం నేర్పుతున్నాను. మార్కెట్ వెనక ఖాళీ స్థలంలో ఒకే ఒక్క స్తంభం ఉంది. ఇంత స్థలం వదిలేసి సరిగ్గా వెళ్ళి దానికే గుద్దింది. నా కాలు బ్రేకు మీద పడేలోపే వెనక దీపం పగిలింది. దిగి చూసి, "అద్దంలో చూసుకోవద్దా తల్లీ? ఇంత స్తంభం కనబడలేదా?" అన్నాను.

"అద్దం ఎప్పుడూ మీరే సరిచేస్తారు కదా మేడమ్" అంది, నేల చూపులు చూస్తూ.

నిజమే, రోజూ నేనే సరిచేస్తాను. ఆ రోజు కూడా చేశాను. లోపలికి వెళ్ళి చూస్తే అద్దం కిందికి తిరిగి ఉంది, అందులో సీటు తప్ప ఏమీ కనబడటం లేదు. నేను టీ తాగడానికి దిగినప్పుడు, ఈ తల్లి బొట్టు దిద్దుకోవడానికి తిప్పుకుంది. ఇప్పుడు అడిగితే తిప్పానని అనదు, తిప్పలేదనీ అనదు. ఎప్పుడూ మీరే కదా అంటుంది.

ఆ అమ్మాయిని తిట్టడానికి నోరు తెరిచి, తెరిచినట్టే ఉండిపోయాను. ఇలాంటి జవాబు నాకు పుట్టుకతో తెలుసు. చిన్నప్పుడు ఇంట్లో గాజు జాడీ పగిలితే, "ఎవర్రా పగలగొట్టింది?" అని అమ్మ అడిగేది. మా తమ్ముడు తను పగలగొట్టలేదని అబద్ధం చెప్పేవాడు కాదు. "పిల్లి ఎప్పుడూ ఆ అరమీదే తిరుగుతుందమ్మా" అనేవాడు. అది నిజమే, తిరిగేది. పిల్లికి దెబ్బలు పడేవి. వీడు మూలన నిలబడి, పిల్లి కేసి జాలిగా చూసేవాడు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది నేను. ఆ గొంతు నాకు తెలియకపోతే ఎవరికి తెలియాలి?

కారు అక్కడే వదిలేసి ఆటోలో ఆసుపత్రికి వెళ్ళాను. వాడు కిటికీ కేసి చూస్తూ పడుకుని ఉన్నాడు. తలుపు మూసి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"ఒరేయ్. ఎప్పుడూ సంగతి నాకొద్దు. ఆ రోజు నువ్వు వీపుకి తగిలించుకున్న గొడుగు చివరిసారి మడిచింది ఎవరు?"

"తనే కదక్కా ఎప్పుడూ..."

"ఎప్పుడూ అన్నావంటే పళ్ళు రాలగొడతాను."

వాడు నీళ్ళు నమిలాడు. నేను కదలకుండా కూర్చున్నాను. చివరికి, "నేనే" అన్నాడు.

ఆ తర్వాత ఒక్కొక్క మాటే వచ్చింది. ఆమె తిట్టి ఉంటే, కొట్టి ఉంటే, గిన్నెలు విసిరేసి ఉంటే తనకి భయం వేసేది కాదట. ఒక్క మాట కూడా అనకుండా, రోజూలాగే పక్కన కూర్చుని తన గొడుగు మడిచింది. మధ్యలో విప్పింది, లేచి వెళ్ళింది, వచ్చి మళ్ళీ మడిచింది. అది చూసి, గొడుగులో ఏదో చేసిందని అనుమానం పట్టుకుందట. రాత్రంతా అదే ఆలోచన. పొద్దున్న హాల్లో ఎవరూ లేనప్పుడు కొక్కెం నుంచి సంచీ తీసి, మొత్తం విప్పి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎక్కడా వేలెత్తి చూపే తప్పు లేదు. విప్పింది మళ్ళీ మడవాలి కదా, గబగబా మడిచాడు.

"రోజూ మడుస్తావు కదరా! ఆ తాడు లాగాలని తెలీదా నీకు?"

"నేను మడిచేది తనది కదక్కా. తనది పాత రకం, దాని చిన్న గొడుగుకి తాడే ఉండదు. నాది పెళ్ళయ్యాక కొన్నది. కొన్నప్పటి నుంచి నేను ఒక్కసారి కూడా మడవలేదు." కళ్ళు మూసుకున్నాడు. "నా చేతులకి తన గొడుగే తెలుసక్కా."

నాకు ఏడవాలో, లాగి లెంపకాయ కొట్టాలో తెలియలేదు. అంత పెద్ద ఆసుపత్రి మంచం మీద చిన్న పిల్లాడిలా ఉన్నాడు. ఇన్నాళ్ళూ వాడి మౌనం చూసి భయం అనుకున్నాను. తేలు కుట్టిన దొంగ వాడు, కుట్టిందని చెప్పుకోలేక పడుకున్నాడు.

"సోమవారం వాళ్ళు రాసుకుంటారు. నీ పెళ్ళాం జైలుకి పోతుందిరా."

"నిజం చెబితే తను వదిలేసి పోతుందక్కా. నేను మళ్ళీ నడుస్తానో లేదో కూడా తెలీదు. నీ కాళ్ళు పట్టుకుంటాను, చెప్పకు. కేసు నిలబడదు, ఎలాగూ రుజువు లేదు, కొన్నాళ్ళు పోతే..."

ఇంటికి నడిచి వచ్చాను. దారి పొడుగునా వాడి మాటే చెవిలో మోగింది. వదిలేసి పోతుంది. పోతే వీణ్ణి ఎవరు చూస్తారు? నేనెన్నాళ్ళు చూస్తాను? ఆమె నా రక్తమా, నా పోలికా? వీడు నా చేతి ముద్ద తిని పెరిగినవాడు. నిజం చెబుతున్నాను, నోరు మూసుకుందామా అని నేనూ అనుకున్నాను. నా జన్మలో నోరు మూసుకుందామని అనుకున్నది అదే మొదటిసారి. అప్పుడే ఆమె మాట గుర్తొచ్చింది, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ మడిచాను అన్న మాట. నేను నిన్నటిదాకా ఆ మనిషిని గుమ్మంలో నిలబెట్టి, చేతిలో సంచీ లాక్కుని, లోపలికి వద్దన్నాను.

"గొడుగు మడిచింది వాడేనట" అన్నాను మా ఆయనతో.

"నువ్వు చూశావా?"

"విన్నాను. వాడి నోటి వెంటే."

ఆయన పేపరు కింద పెట్టాడు. "అయితే నీ మరదలికి అన్నం తినబుద్ధయ్యే మాట ఎవరైనా చెప్పాలిగా" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పేపరు కింద పెట్టి మాట్లాడటం నేను చూడలేదు.

సోమవారం ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి నేను మంచం పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను. "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అని వాడితో ముందే తేల్చేశాను. వాడే చెప్పాడు. ఏదీ దాచలేదు. ఇన్‌స్పెక్టర్ రాయడం ఆపి, ముక్కు తుడుచుకుని, "అంటే మీ ఆవిడ మడిచింది బాగానే ఉంది" అన్నాడు.

"బాగానే ఉందండీ."

"మీరు విప్పకుండా ఉంటే..."

"బాగానే దిగేవాణ్ణి."

కేసు లేదన్నాడు. ఆమెకి ఫోన్ చేసింది నేనే. ఏడుస్తూ ఏదేదో వాగాను, క్షమించమన్నాను, తిట్టమన్నాను. అంతా విని, "చూసే వేళకి వస్తాను వదినా" అంది.

వచ్చింది. చేతిలో ఎప్పటిలాగే ఉతికిన బట్టలూ, ఫ్లాస్కూ ఉన్నాయి. ఈసారి నేను తలుపు బార్లా తీసి పక్కకి తప్పుకున్నాను. బయటికి పోబోతుంటే, "మీరుండండి" అంది. సంచీ బల్ల మీద పెట్టి, మంచానికి కాస్త దూరంగా నిలబడింది.

"నాకు తెలుసు" అంది వాడితో. "ఎప్పుడూ తనే మడుస్తుంది అన్నావని వదిన చెప్పినప్పుడే తెలిసిపోయింది. నువ్వే చెబుతావేమోనని చూశాను."

వాడు ఏడుస్తున్నాడు. "తప్పయిపోయింది" అన్నాడు. ఆ ఇంకొకావిడ గురించి ఏదో మొదలుపెట్టాడు. ఆమె చెయ్యెత్తి ఆపింది.

"అది కాదు నేనడిగేది. ఎప్పుడు విప్పావు?"

"పొద్దున."

"పొద్దున ఎప్పుడు?"

వాడు నా కేసి చూశాడు. నేనేం చేస్తాను? తల దించుకున్నాను.

"మొదటి విమానం లేచాక" అన్నాడు.

"ఆ విమానంలో నేనున్నాను."

"ఊఁ."

"నువ్వు మడిచింది వేసుకుని." "అప్పటికి నీ సంగతి నాకు తెలుసు. నువ్వు నన్ను మోసం చేశావని తెలుసు. అయినా కొక్కెం నుంచి సంచీ తీసుకుని, తగిలించుకుని ఎక్కేశాను. విప్పి చూద్దామని నాకు తోచనే లేదు. నువ్వు ఎవరితో తిరిగినా నన్ను కింద పడనివ్వవు అనుకున్నాను."

నేను ఊరూవాడా చాటిన మాట, పువ్వులా దిగిందన్న మాట, నాకే ముల్లులా గుచ్చుకుంది. వాడు మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు.

"ఆవిడ సంగతి ఏదో ఒకనాటికి మర్చిపోయేదాన్నేమో" అంది. "ఇది ఎలా మర్చిపోవాలో నాకు తెలియడం లేదు."

వాడి కాళ్ళ దగ్గర దుప్పటి జారి ఉంటే వంగి దాన్ని అందుకుంది. అంచులు కలిపి మడవబోయి, ఆగింది. అలాగే మంచం మీద వదిలేసి వెళ్ళిపోయింది.

నేను వసారాలోకి పరుగెత్తాను. "దింపుతాను రావే తల్లీ" అన్నాను. "నడుస్తాను వదినా, ఏం పర్వాలేదు" అని నా చెయ్యి ఒకసారి నొక్కి మెట్లు దిగింది. అంత చేసిన నన్ను కూడా వదినా అనే పిలిచింది, అందుకు ఇంకా ఏడుపొచ్చింది.

తిరిగి గదిలోకి వచ్చి దుప్పటి కప్పి, ఫ్లాస్కులో పాలు గ్లాసులో పోశాను. వేడిగానే ఉన్నాయి. వాడు తాగలేదు. తలుపు కేసే చూస్తున్నాడు.

"వెళ్ళిపోయిందా అక్కా?"

"వెళ్ళింది."

"రేపు వస్తుందా?"

ఎవరికైనా ఏదైనా మొహం మీదే కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేదాన్ని నేను. గ్లాసు వాడి చేతికిచ్చాను.

"ఎప్పుడూ వచ్చేది కదరా" అన్నాను.

వాడికి అర్థమైంది. ఆ రకం జవాబు వాడికంటే బాగా ఎవరికి తెలుసు? మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.